పదకొండు నుంచి మూడు దాకా

అదేరితు గడ్డం చూసి, ఆ మూడో అంతస్తు ఇంట్లో దిగిన జంట ఎన్నాళ్ళుండి వెళ్ళిందో మా సందులో ఎవరైనా చెప్పేసేవాళ్ళు. రెండు రోజుల గడ్డమైతే వారాంతం సరదాకి వచ్చినవాళ్ళు. నాలుగు రోజులదైతే కొత్తగా పెళ్ళయినవాళ్ళు. ఒకసారి మాత్రం పదకొండు రోజుల గడ్డంతో వచ్చి మెట్ల కింద నిలబడ్డాడు. పైన దిగినాయన రచయితట, మా లిస్బన్ మీద పుస్తకం రాసుకుంటున్నాడట. ఆ పదకొండు రోజులూ అతని పెళ్ళాం ఫెలిష్మీనా ఆ మహానుభావుణ్ణి తిట్టని తిట్టు లేదు.

సంగతేమిటంటే, నీటికాసుల జబ్బుతో అదేరితు రెండు కళ్ళూ పోయాయి. పోయి పన్నెండేళ్ళు. అయినా తన గడ్డం తానే గీసుకునేవాడు, అదీ తన ఇంట్లోనే. వేరేచోట గీసుకోనని, ఇంకొకరి చేత గీయించుకోనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఇల్లు ఇప్పుడు అతనిది కాదు. పాత అతిథులు ఖాళీ చేసే పదకొండు గంటలకీ, కొత్తవాళ్ళు దిగే మూడు గంటలకీ మధ్య ఆ నాలుగు గంటలు మాత్రమే అతనిది. అదీ దొంగచాటుగా.

నలభై ఒక్క ఏళ్ళు ఆ ఇంట్లో అద్దెకున్నారు మొగుడూ పెళ్ళాలు. పిల్లల్లేరు. అతను ఓడరేవులో సరుకు దించే పని చేసేవాడు, ఆమె చేపల బజారులో గంప పెట్టేది. ఇంటావిడ ఒలింపియా గారిది పాతకాలపు పద్ధతి. ఏదైనా కాగితం వస్తే దాన్ని ఎవరూ విప్పేవాళ్ళు కాదు. కొత్త సంవత్సరానికి ఆవిడే ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, కాఫీ తాగి, ఆ కాగితాన్ని తానే చదివి, అర్థం చెప్పి, వీళ్ళేం రాయాలో తానే రాసి వెళ్ళేది. మా సందులో అన్ని ఇళ్ళలోనూ అదే తంతు. ఇంటివాళ్ళ ఉత్తరానికి జవాబు రాయడమంటే వాళ్ళని ఇంటికి రావద్దన్నట్టే మాకు.

అందుకే ఓ చలికాలం రిజిస్టరు ఉత్తరం వస్తే ఫెలిష్మీనా సంతకం పెట్టి తీసుకుని, అంతోనియు పునీతుడి పటం వెనక దోపింది. ఒలింపియా గారు వచ్చి చదువుతారని. ఆవిడ రాలేదు. క్రిస్మస్‌కి ముందే చనిపోయింది. ఆ ఉత్తరం పంపింది ఇల్లు చేతికొచ్చిన ఆవిడ మేనల్లుడు. ముప్ఫై రోజుల్లో జవాబివ్వకపోతే ఐదేళ్ళ కొత్త ఒప్పందానికి ఒప్పుకున్నట్టేనని అందులో ఉంది. ముసలివాళ్ళని ఖాళీ చేయించకూడదని చట్టం; అదేరితు వయసెంతో రాసి ఒక్క చీటీ పంపి ఉంటే ఎవ్వరూ వాళ్ళని కదపలేకపోయేవాళ్ళు. ఆ సంగతి తెలిసేసరికి ఉత్తరం పసుపెక్కి, పటం నీడ పడ్డచోట మాత్రం ఓ చతురస్రం తెల్లగా మిగిలింది. కొంప మునిగింది, అంతే.

ఐదేళ్ళు గడిచాయి, ఖాళీ చెయ్యక తప్పలేదు. రైల్లో అరగంట దూరంలో ఉన్న పొవువాలో ఏడో అంతస్తు అపార్టుమెంటు దొరికింది. మంచిదే. లిఫ్టుంది, వేణ్ణీళ్ళొస్తాయి. కానీ అన్ని గోడలూ ఒకటే నునుపు, ఏ గది చప్పుడైనా ఒకటే. వెళ్ళిన రెండో వారం అదేరితు స్నానాలగది అనుకుని వంటింటి తలుపు తోసి పడిపోయి రెండు వేళ్ళు విరగ్గొట్టుకున్నాడు. ఆ తరవాత కుర్చీలోంచి లేవడం మానేశాడు. పాత ఇంట్లో అతనికి చీకటి కూడా పాతదే, అలవాటైనదే. డెబ్బై దాటాక కొత్త చీకటి నేర్చుకోవడం అతని వల్ల కాలేదు. ఓడ మీంచి గోధుమ బస్తాలు రెండేసి దించిన మనిషి, మంచినీళ్ళకి కూడా పెళ్ళాన్ని కేకేసి పిలిచేవాడు.

పాత ఇంటికి రంగులేసి, మంచం మీద రెండు తువ్వాళ్ళని హంసల్లా మడిచి పెట్టి, "ప్రేమికుల నగరంలో అసలైన పాత ఇల్లు" అని బోర్డు తగిలించారు. ఆ వ్యవహారమంతా చూసేది బెనెదీత. ముప్ఫై ఏళ్ళ పిల్ల, ఎనిమిది ఇళ్ళ తాళాలు సంచిలో, ఫోను చెవిలో. చెడ్డది కాదు. శుభ్రం చేసే మనిషి దొరక్క ఫెలిష్మీనాకే కబురుపెట్టింది. "మీకు తెలిసినట్టు ఆ ఇల్లు ఇంకెవరికి తెలుసండీ!" అంది. నలభై ఏళ్ళు ఊరికే తుడిచిన నేలని ఇప్పుడు కూలికి తుడవడమేమిటని ఫెలిష్మీనా రెండు రోజులు మూతి ముడుచుకుని కూర్చుంది. మూడో రోజు ఒప్పుకుంది.

అతన్ని తీసుకెళ్ళాలని మొదట అనుకోలేదు. ఓ రోజు పొవువాలో కనిపెట్టుకుని ఉండే పొరుగావిడ ఊళ్ళో లేదు, ఒంటరిగా వదల్లేక వెంటబెట్టుకొచ్చింది. స్టేషన్ దగ్గర్నుంచి మెట్ల మొదలు దాకా భుజం పట్టుకుని ఈడ్చుకుంటూ నడిచిన మనిషి, మొదటి మెట్టు బూటుకి తగలగానే చెయ్యి వదిలేశాడు.

"ఏమయ్యా, పడతావు, పట్టుకో!" అందామె కంగారుగా.

"పక్కకి జరగవే. నా దారికి అడ్డం నువ్వు" అన్నాడు.

సందులో ముప్ఫై ఒక్క మెట్లు, లోపల నలభై నాలుగు. ఎక్కడ అరిగిందో, ఎక్కడ రాయి కదులుతుందో అతని పాదాలకి తెలుసు. ఆమెకంటే ముందే ఎక్కి తలుపు దగ్గర నిలబడి, "ఎంతసేపే, ముసలిదానివైపోయావు" అన్నాడు. లోపలికెళ్ళి మొహం కడుక్కున్నాడు. కాఫీ కాచాడు. కిటికీ తెరిచి కింద దగ్గినవాళ్ళని పేరుపెట్టి పలకరించాడు. ఫెలిష్మీనా పక్కగదిలో దుప్పటి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఇంట్లో అతను గుడ్డివాడు కాడు. ఈ సంగతి ఆమెకి అంతకుముందు ఎప్పుడూ తట్టలేదు, ఎందుకంటే ఆ ఇల్లు దాటి చూసే అవసరం రాలేదు.

అప్పట్నుంచి ఏడాదిపాటు అదే వరస. ఓ గుడ్డసంచిలో రేజరు, కుంచె, సబ్బు పెట్టి పొవువా ఇంటి తలుపు వెనక మేకుకి తగిలించి ఉండేది. బెనెదీత దగ్గర్నుంచి కబురు రాగానే ఆ సంచి దిగేది. రెండు రాత్రులకి వచ్చేవాళ్ళంటే ఫెలిష్మీనాకి ప్రాణం. లోకంలో మనుషులకి సెలవులు తక్కువగా దొరకాలని కొవ్వొత్తి వెలిగించి మొక్కిన మనిషి ఆవిడొక్కతే అయ్యుంటుంది. తలుపు తియ్యగానే ముందు ఆవిడ చేసే పని తుడవడం కాదు. అతన్ని గడప దగ్గరే ఆపి, అతిథులు అటూ ఇటూ లాగిన కుర్చీల్నీ, బల్లనీ, చెత్తబుట్టనీ వాటి చోట్లలో పెట్టేది. "ఊఁ, రా" అన్నాకే అతను అడుగు లోపల పెట్టేవాడు.

"ఎవరైనా వస్తే ప్లంబర్నని చెప్పు" అని నేర్పింది.

"గుడ్డి ప్లంబరా? కొళాయి అనుకుని వాళ్ళ ముక్కు తిప్పుతానేమో."

"వేళాకోళం కాదు. ఇది తెలిస్తే ఈ నాలుగు గంటలూ పోతాయి. తరవాత నీ ఇష్టం."

ఆ మాటకి మాత్రం అతను నవ్వలేదు.

జూన్ పన్నెండు. మర్నాడు అంతోనియు పునీతుడి పండగ. సందంతా రంగుకాగితాల తోరణాలు, పొయ్యిల మీద కవళ్ళ చేపల పొగ. రాళ్ళ దారి మీద చక్రాల పెట్టెలు లొటలొటలాడించుకుంటూ జంటలు వస్తూనే ఉన్నాయి. తన గుమ్మంలో బల్ల వేసుకుని చెర్రీ సారా అమ్మే జుదీత్, మా సందులో మిగిలిన నలుగురైదుగురు పాతవాళ్ళలో ఒకతె, వీళ్ళని చూసి కేకేసింది.

"ఏం అన్నా, మూడు రోజుల గడ్డమే! ఈసారి ప్రేమ బాగానే నిలబడిందే!"

"నిలబడింది కాదమ్మా, మంచం కాలు విరగ్గొట్టి పోయారేమో చూడాలి" అన్నాడు అదేరితు.

"సిగ్గులేదు ముసలాడికి. వదినా, ఇదిగో, పండగపూట ఉత్త చేతుల్తో పోకండి" అంటూ ఓ సీసా, ఓ చిన్న మంజెరీకు కుండీ చేతిలో పెట్టింది. మంజెరీకు అంటే సబ్జా జాతి మొక్క, బంతిలా గుబురుగా ఉంటుంది. ఈ పండక్కి అది లేని కిటికీ ఉండదు.

పైకెళ్ళారు. కుర్చీలు సర్దింది. అతను నురగ పట్టించుకుని, చెంపని వేళ్ళతో తడుముకుంటూ, కూనిరాగం తీస్తూ గీసుకోవడం మొదలుపెట్టాడు. ఒక్క గాటు పడలేదు. అంతలో బట్టలుతికే యంత్రం మొరాయించింది. దుప్పట్లు కింద బజారులో ఉతికించే కొట్టుకి తీసుకెళ్ళాలి. గంట పడుతుంది. గంట పన్నెండే కదా, కొత్తవాళ్ళు మూడింటికి గానీ రారు అనుకుని ఫెలిష్మీనా మూట నెత్తినెత్తుకుంది.

వాళ్ళ విమానం ముందే దిగింది. పెట్టెలు పైన పెట్టుకోవచ్చని బెనెదీత ఫోనులో చెప్పింది, తాళం డబ్బా అంకెలు కూడా చెప్పేసింది. ఫెలిష్మీనాకి చెప్పడం మరిచిపోయింది.

ఉతికిన దుప్పట్లతో మెట్లెక్కుతున్న ఫెలిష్మీనాకి మూడో అంతస్తు కిటికీలోంచి నవ్వులు వినిపించాయి. ఆడగొంతు, మగగొంతు, మధ్యలో తన మొగుడి గొంతు.  మిగతా మెట్లు గబగబా ఎక్కింది.

లోపల బల్ల దగ్గర ఓ కుర్రజంట, ఎర్రగా ఎండకి కాలిన ముక్కులతో కూర్చుని ఉంది. అదేరితు గ్లాసుల్లో చెర్రీ సారా పోస్తున్నాడు. సీసా మూతి గ్లాసు అంచుకి ఆనించి, చప్పుడు విని, సరిగ్గా అంచుకి ఓ వేలెడు కిందే ఆపుతున్నాడు. చుక్క ఒలకలేదు. ఆ అమ్మాయి స్పానిష్‌లో ఏదో అడిగితే తడుముకోకుండా బదులిచ్చాడు. ఓడరేవు పనివాడు, అన్ని భాషల్లోనూ ఇరవై మాటలొచ్చు, అందులో సగం బూతులే అయినా.

"ఇదిగో, మా ఆవిడ" అన్నాడు తలుపు వైపు తిరిగి. ఆమె అడుగు చప్పుడు అతనికి తెలీకపోతే కదా. "రావే, కూర్చో. పండగపూట చుట్టాలొచ్చారు."

ప్లంబర్నని చెప్పాల్సిన మనిషి ఇదా చెప్పేది? ఆమెకి ఒళ్ళు మండిపోయింది. మరుక్షణం మంట చల్లారింది కూడా. వాళ్ళవంక చూసింది. వాళ్ళు అతని మొహంలోకి, కళ్ళలోకి చూస్తూ మామూలుగా మాట్లాడుతున్నారు. వాళ్ళకి తెలియలేదు. అతనికి చూపు లేదని వాళ్ళకి తెలియనే లేదు.

అతను లేచి కిటికీ దగ్గరికి నడిచాడు, వాళ్ళని రమ్మన్నాడు. కింద ఓ కూత వినిపించింది. "అది అవతలి ఒడ్డు బరైరుకి వెళ్ళే పడవ" అని వేలు పెట్టి చూపించాడు. ఇంకో బొంగురు కూత. "ఆ పెద్ద తెల్లది ఓడ కాదు, మేడ. అది అడ్డం నిలబడ్డప్పుడల్లా మాకు సగం నది మాయం." వాళ్ళు విరగబడి నవ్వారు. అమ్మాయి మంజెరీకు దగ్గర ముక్కు పెట్టబోతే, ఆకుల గలగల విని టక్కున చెయ్యడ్డం పెట్టాడు. "అయ్యయ్యో, ముక్కు పెడితే వాడిపోతుంది తల్లీ. ఇలా." అరచేత్తో మొక్కని నిమిరి, ఆ అరచెయ్యి వాసన చూసి చూపించాడు. ఆ కుర్రాడు అది ఫొటో తీశాడు. ఫెలిష్మీనా వద్దనబోయి ఆగింది.  పన్నెండేళ్ళలో ఆ మనిషి ఒకరికి ఏదైనా చూపించడం ఆమె చూడలేదు.

వాళ్ళు పెట్టెలు వదిలి, ముద్దులు పెట్టి దిగిపోయాక తలుపు వేసి అడిగింది. "ఏమయ్యా, బుద్ధుందా నీకు? ఎందుకు చెప్పలేదు ప్లంబర్నని?"

అతను తుడిచిన చెంప తడుముకున్నాడు. "నా గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి నేను ప్లంబర్నని ఎలా చెప్పనే?" అన్నాడు. 

వాళ్ళు మంచివాళ్ళే. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాళ్ళయితే ఎవరో ముసలాడు ఇంట్లో ఉన్నాడని బెనెదీతకి ఫోను చేసి అరిచేవాళ్ళు, ఆమె నాలుగు చివాట్లు పెట్టి ఊరుకునేది. వీళ్ళు ఊరెళ్ళి, ఆ ఇల్లు అద్దెకిచ్చే వెబ్‌సైట్‌లో లోకమంతా చదివేట్టు మెచ్చుకుంటూ రాశారు.

ఆ శనివారం బెనెదీత ఫెలిష్మీనాని స్టేషను పక్క కాఫీకొట్టుకి పిలిచింది. మొదటిసారి ఫోను చెవిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. చదివి వినిపించింది.

"ఇంటి పెద్దాయన మా కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. చెర్రీ సారా పోశారు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి నదిని చూపించారు, ఏ పడవ ఎక్కడికెళ్తుందో వేలు పెట్టి చూపించారు. ఎన్ని ఊళ్ళు తిరిగినా, ఒక ఊరిని ఆయన కళ్ళతో చూసినట్టు ఎక్కడా చూడలేదు. మీరు వెళ్తే ఆయన్ని తప్పకుండా కలవండి."

కింద ఫొటో. నున్నగా గీసిన గడ్డంతో, అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని, నవ్వుతూ అదేరితు.

"నాకు ముందే తెలుసండీ" అంది బెనెదీత మెల్లిగా. "స్నానాలగదిలో ఓసారి తెల్ల వెంట్రుకలు కనిపించాయి. అతిథులవి కావని తెలుసు. తెలీనట్టు ఊరుకున్నాను. ఇప్పుడు నేను ఊరుకుంటే ఏం లాభం? ఆయన చదివాడు. మొదలు ఆయనే చదివాడు."

ఆయనంటే ఒలింపియా గారి మేనల్లుడు. ఖాళీ చేసి పోయిన మనిషి మళ్ళీ ఇంట్లో కూర్చున్నాడంటే రేపు హక్కుందంటాడేమోనని లాయరు భయపెట్టాడట. తాళం మార్చేశారు. సోమవారం నుంచి శుభ్రం చేయడానికి ఏదో కంపెనీ మనుషులు వస్తారు.

"అమ్మాయ్, నన్ను తీసెయ్. నేను పోతాను. ఆయన్ని మాత్రం వారానికోసారి, ఒక్క గంట... నేను కిందే కూర్చుంటాను, లోపలికి కూడా రాను. గడ్డం గీసుకుని దిగొచ్చేస్తాడు."

బెనెదీత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా చేతుల్లో లేదండీ ఫెలిష్మీనా గారూ" అంది. నిజంగానే లేదు. ఫెలిష్మీనాకి ఆ పిల్లని తిడదామన్నా తిట్టడానికేమీ దొరకలేదు.

ఇంటికెళ్ళేసరికి అతను కుర్చీలో ఉన్నాడు.

"ఏమంది?"

"వాళ్ళు నీ గురించి రాశారట." గుర్తున్నంత మేరకి చెప్పింది, కళ్ళతో చూసినట్టు అన్న మాటతో సహా.

అదేరితు ముందుకు వంగాడు. "వాళ్ళు కనిపెట్టలేదా?"

"లేదయ్యా."

"ఒట్టు?"

"ఒట్టు. అస్సలు కనిపెట్టలేదు."

తల వెనక్కి వాల్చి చాలాసేపు నవ్వుకున్నాడు. తాళం సంగతి చెబుదామని నోరు తెరిచి, ఆ నవ్వు చూసి మూసుకుంది. రేపు చెబుదామనుకుంది.

రేపూ చెప్పలేదు. "మంగళవారం పని ఉండొచ్చు" అంది. మంగళవారం వచ్చింది, పోయింది. "ఎవరో పొడిగించుకున్నారట" అంది. అతను ఊఁ అన్నాడు. శుక్రవారం అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. సంచి తలుపు వెనక మేకుకే ఉంది. తెల్లటి గడ్డం మెడ మీదికి పాకింది. రైలు చప్పుడైనప్పుడల్లా అతని పాదం నేల మీద మెట్టు వెతుక్కుంటున్నట్టు కదిలి, ఆగిపోయేది. అబద్ధం చెబుతున్నది తనో అతనో ఫెలిష్మీనాకే తెలియకుండా పోయింది. ఇంట్లో ఇద్దరూ దాని చుట్టూ జాగ్రత్తగా తిరుగుతూ బతికారు.

రచయిత ఉన్నది పదకొండు రోజులు. ఈ గడ్డానికి పన్నెండో రోజు వచ్చిన పొద్దున్న ఆమె వంటింట్లో ఉండగా గోడ తడుముతున్న చప్పుడైంది. వచ్చి చూస్తే అదేరితు కుర్చీ వదిలి, రెండు చేతులూ ముందుకు చాపి, తలుపు వెనక మేకు కోసం వెతుకుతున్నాడు. సాయం చేద్దామని కదిలి ఆగిపోయింది. మూడుసార్లు గోడని తడిమి, నాలుగోసారి సంచి దొరకబుచ్చుకున్నాడు. రేజరు తీసి, ఆమె ఎటుందో తెలియక, గాలిలోకి చాపాడు.

"నీళ్ళు కాచు ఫెలిష్మీనా. ఈసారి వచ్చినవాళ్ళు పోయేలా లేరు. నువ్వే గీసెయ్."

నీళ్ళు కాచింది. మెడ చుట్టూ తువ్వాలు కట్టింది. అతను కళ్ళు మూసుకుని గడ్డం పైకెత్తాడు.